శుక్రవారం టీము ఎవరిది

రాజమౌళి సేటు గైబీ నగర్ ఫుట్‌బాల్ టీమును మళ్ళీ లేపుతున్నాడట, పాత ఆటగాళ్ళందరికీ శాలువాలు కప్పుతాడట అని శాంతాబాయి కుళాయి దగ్గర అన్నదట. ఆ మాటను చంద్రవ్వ నెత్తి మీది బిందె కూడా దించకుండా మోసుకొచ్చి రిబ్కా గుమ్మం ముందు కుమ్మరించింది.

"మీ పౌలు పేరు గూడ ఉన్నదట వదినా. సేటు కొడుకు శుభమ్ కొత్త లీగు పెడుతుండట. శాంతాబాయి ఒట్టేసి చెప్పింది."

"శాంతాబాయి ఒట్లకేంది. మొన్న మేము ఫ్రిజ్జు కొన్నమని గూడ ఒట్టేసింది," అంది రిబ్కా.

చంద్రవ్వ నవ్వుకుంటూ పోయింది. లోపల వాచ్‌మన్ చొక్కా తొడుక్కుంటున్న పౌలుకు మాత్రం నవ్వు రాలేదు. గుండీ పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

గైబీ నగర్ టీముకు అతనే కెప్టెన్. అది చచ్చిపోయి పదేళ్ళు దాటింది.

వారమంతా బొంబాయి పక్కన భివండీలో సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడుకు పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. శుక్రవారం కార్ఖానాలు బంద్. ఆ ఒక్కనాడు ఊరు మూగబోయేసరికి, చప్పుడులోనే నిద్రపోవడం నేర్చినవాళ్ళకు కన్ను అంటుకునేది కాదు. అట్లా నిద్ర పట్టని కొందరు పొద్దున్నే అంజూర్ ఫాటా మైదానానికి పోయి బంతి తన్నడం మొదలుపెట్టారు. టీము పుట్టింది అట్లా. ఎవడూ కొబ్బరికాయ కొట్టలేదు, ఎవడూ రిబ్బను కత్తిరించలేదు. పగారు నాడు తలా ఇంత వేసుకొని బంతి కొన్నారు. చర్చికి పోయే పౌలు, మార్కండేయ గుడికి పోయే గట్టయ్య, ఏ గుడికీ పోకుండా బీడీలు తాగే అంకుశం - సాంచెల మధ్య పక్కపక్కన నిలబడ్డవాళ్ళే మైదానంలోనూ పక్కపక్కన ఉరికారు.

చొక్కాలు రిబ్కా కుట్టింది. కార్ఖానా గుడ్డను నీలం రంగులో ముంచి, దండెం మీద ఆరేసి, పాత మిషను మీద కుట్టింది. లీగు జరిగేది వానాకాలంలో. మొదటి వానకే రంగు దిగి మెడలు నీలం, మోచేతులు నీలం, ఆట ముగిసేసరికి బంతి కూడా నీలం. ఇంటికొచ్చిన పౌలును చూసి రిబ్కా "మనిషివా, పాలపిట్టవా?" అని గుమ్మంలోనే ఆపేసి నీళ్ళు పోసేది. ఆ నీలం గోళ్ళ సందుల్లోంచి వారమంతా పోయేది కాదు. సాంచె నడుపుతూ చేతులు చూసుకుంటే శుక్రవారం గుర్తొచ్చేది.

ఆ టీముకు ఇంకో బలం ఉండేది. సాంచెల దగ్గర ఏళ్ళు గడిపితే చెవి మందగిస్తుంది, కన్ను చురుకెక్కుతుంది. ఎదుటివాడి పెదవులు కదిలితే చాలు, మాట తెలిసిపోతుంది. అవతలి కెప్టెన్ తనవాడితో గుసగుసగా "దాయే మార్" అంటే, కుడికి కొట్టమన్న ఆ మాట పట్టుకుని గోల్‌లో ఉన్న గట్టయ్య ముందే ఆ వైపు ఒరిగేవాడు. అందరికంటే పెద్దవాడు, అందరికీ మామ. బంతి వచ్చి అతని చేతుల్లోనే పడేది. నిజాంపురా టీము వాళ్ళు "ఈ ముసలాయనకు మంత్రాలొచ్చు" అని లీగుకు ఫిర్యాదు కూడా చేశారు. ఆ సంగతి తలుచుకుని గైబీ నగర్ ఎన్నాళ్ళు నవ్విందో!

టీము ఆఖరి ఏడు బజారులో గుడ్డ కదల్లేదు. సాంచెలు ఆగాయి, పగార్లు ఆగాయి. బూట్ల దుకాణంలో టీము ఉద్దెర బాకీ మాత్రం ఆగలేదు. అప్పుడే టీము సెమీఫైనల్‌కు చేరింది. ఎదురు నిజాంపురా.

లీగుకు రెండు రూల్సు ఉండేవి. బాకీ ఉన్న టీము సెమీఫైనల్ ఆడరాదు. ఒక మనిషికి రెండు టీములు ఉండరాదు. ఉంటే వెనక చేతికొచ్చిన టీము లీగులోంచి పోవాలి. పౌలుకు రెండూ న్యాయంగానే తోచేవి. బూట్ల దుకాణం వాడికీ పిల్లలున్నారు. రెండు టీములూ ఒకడివే అయితే ఎవరు గెలవాలో వాడి ఇంట్లోనే తేలిపోతుంది. ఇంత మంచి రూల్సు రెండూ కలిసి తమ మెడకే చుట్టుకుంటాయని ఎవరనుకున్నారు?

నిజాంపురా టీము రాజమౌళి సేటుది. ఒకప్పుడు గట్టయ్య పక్క సాంచె మీద పనిచేసినవాడే, తరువాత నాలుగు కార్ఖానాలకు యజమాని అయ్యాడు. సెమీఫైనల్‌కు ముందు తనంతట తానే పోయి బూట్ల దుకాణం బాకీ కట్టేశాడు.

"మనోళ్ళ ఆట ఆగొద్దుర పౌలూ. ఓడించుడైతే మైదానంల ఓడిస్త," అన్నాడు.

గట్టయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందరూ కలిసి సేటుకు దండ వేశారు.

ఆ శుక్రవారం చొక్కాలు తొడుక్కుని నిలబడితే బాకీ సేటు కట్టాడని తెలిసి లీగు పెద్దలు వచ్చి, వయసులో పెద్దవాడని గట్టయ్యను టీము ఎవరిదని అడిగారు: "టీమ్ కిస్కా హై, చాచా?"

భివండీలో నూలు సేటు పోస్తాడు, గుడ్డ సేటు పట్టుకుపోతాడు. మధ్యలో నేసినవాడు కూలి తీసుకుంటాడు, ఎంత బాగా నేసినా గుడ్డ తానును మడతపెట్టి టెంపోలో వేస్తాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గట్టయ్యకు తెలిసిన లెక్క అదొక్కటే. పైగా, పైసలు కట్టిన మనిషి ఎదురుగా ఉండగా "మాది" అనడం మర్యాద కాదనిపించింది.

"సేట్‌నే పైసా డాలా నా సాబ్. తో సేట్‌కా," అన్నాడు వినయంగా, పైసలు పెట్టింది సేటు గనుక టీమూ సేటుదేనని.

అంతే. ఒకే సేటుకు రెండు టీములు. వెనక వచ్చింది గైబీ నగర్. బంతి తన్నకుండానే లీగులోంచి పోయింది. కప్పు నిజాంపురాకు వచ్చింది.

తిరిగి వస్తుంటే దారిలో గట్టయ్యకు సంగతి అర్థమైంది. ఆనాటి నుంచి ఆయన ఫుట్‌బాల్ ఊసెత్తలేదు. పౌలు ఎవరినీ ఎత్తనివ్వలేదు. పాపం, సేటు మంచికే కట్టాడు, ముసలాయన మంచికే అన్నాడు, మన తలరాత అట్లా ఉంది అని సర్దిచెప్పుకున్నాడు. తరువాత కార్ఖానాలు మూతపడి సాంచెలు తుక్కుకు పోయాయి. మైదానం నిండా గోడౌన్లు లేచాయి. పౌలు ఇప్పుడు కాపలా కాసేది అందులో ఒకదానికే. గట్టయ్య గోల్ కాసిన చోట ఇనుప షట్టరు ఉంది. వాన పడ్డప్పుడు పౌలు దాని ముందు కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటాడు.

శాంతాబాయి ఒట్టు ఈసారి నిజమైంది. శుక్రవారం పొద్దున సేటు, శుభమ్ ఆ షట్టరు ముందుకే వచ్చారు. సేటు కబురు పెట్టడంతో పౌలు, అంకుశం, గట్టయ్య అప్పటికే అక్కడ ఉన్నారు. రిబ్కా అందరికీ చాయ్ తెచ్చింది. శాలువాలు నిజంగానే సంచిలో ఉన్నాయి.

"పాత క్లబ్బులకు డైరెక్ట్ ఎంట్రీ, కాకా," అన్నాడు శుభమ్ పౌలుతో. "సిర్ఫ్ ఓనర్ ఎవరో పాత మెంబర్లు చెప్పాలె. వేరేటోళ్ళు పేరు దొంగిలించొద్దని రూల్ పెట్టినం. టీమ్ బాపుది అని ఒక్క మాట అనుండ్రి, బస్."

"లీగు కొడుకుది, టీము తండ్రిది," అన్నాడు అంకుశం చాయ్ ఊదుకుంటూ. "మరి రెఫరీ ఎవలు బిడ్డా, మీ మేనత్తనా?"

రిబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పౌలు నవ్వలేకపోయాడు. ఈ మాట గట్టయ్యను అడగకూడదు. ఇంకెవర్ని అడిగినా సరే, ఆయన్ను మాత్రం రెండోసారి అడగకూడదు.

"అప్పటి ముచ్చట్లు ఇప్పుడెందుకు సేటూ," అన్నాడు. "కొత్త పేరు పెట్టుకోండ్రి."

సేటు నవ్వి కొడుకును భుజం పట్టుకుని కారు దాకా తీసుకుపోయాడు. లారీల హారన్ల మధ్య, చాలా మెల్లగా ఏదో చెప్పాడు. ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చున్నవాడు, సాంచె మీద ఎట్లా మాట్లాడుకునేవాళ్ళో మర్చిపోయినట్టున్నాడు. ఆయన పెదవులు పౌలుకు స్పష్టంగా కనిపించాయి.

*ముసలోన్ని అడుగు. పోయినసారి లెక్కనే నా పేరే చెప్తడు. అందుకే గద నేను బాకీ కట్టింది.*

పౌలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. చప్పున గట్టయ్య వైపు తిరిగాడు. గట్టయ్య కూడా సేటు మూతినే చూస్తున్నాడు.

శుభమ్ తిరిగొచ్చి గట్టయ్య ముందు వంగాడు. శాలువా మడత విప్పి గట్టిగా అడిగాడు. "తాతా, నువ్వు చెప్పు. టీమ్ ఎవరిది?"

గట్టయ్య శాలువాను పక్కకు జరిపాడు. శుభమ్‌ను దాటి చూస్తూ, సాంచెల మధ్య అరిచినట్టు అరిచాడు.

"పైసలు నీవే రాజమౌళీ. ఎన్ని కట్టినవో చెప్పు, గిప్పుడన్న ఇస్తం. టీము మాత్రం ఇయ్యం."