ఊరవతలి లైను

"ఏం గంగక్కా, ఈయేడన్నా మీ తమ్ముడు ఒడిబియ్యం పోస్తడా, లేదా?"

పక్కింటి శ్వేత బీడీల చాట మీద నుంచి తలెత్తకుంటనే అడిగింది. గంగాబాయికి ఒళ్లు మండింది. "పోస్తడు తియ్యి, నీకెందుకంత తొందర?" అన్నది గాని, చేతిల బీడీకి దారం సక్కగ పడలే.

ఐదేండ్లకోసారి పుట్టింటోళ్లు పిలిచి, కొత్తచీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిల పోస్తెనే ఆడిబిడ్డకు పుట్టిల్లు ఉన్నట్టు. గంగాబాయికి ఆ గడువు ఎప్పుడో దాటింది. అమ్మ, బాపు పోయినంక ఆమెకు పుట్టిల్లంటే ఎల్లారెడ్డిల ఉన్న తమ్ముడు బాలనర్సయ్య ఒక్కడే. వాడు పిలుస్తలేడు. పిలువకపోతే ఇగ ఆమెకు ఎవ్వలు లేనట్టే.

ఎసుంటి తమ్ముడు వాడు! ఆమె లగ్గమై కామారెడ్డిల పట్టాల పక్క గల్లీకి వచ్చిన కొత్తల, అమ్మ కొంగు పట్టుకోని బస్సుల వస్తుండె. అక్కను చూడనీకె అని పేరుకే గాని, వాని పానమంతా రైలు మీదనే. ఎల్లారెడ్డికి అప్పుడు రైలెక్కడిది? మక్కకంకుల సంచి అక్క ముంగట పడేసి పట్టాల పక్క గోడెక్కి కూసుంటుండె. బువ్వకు పిలిస్తే రాడు. కూత వినబడితే చాలు, "అచ్చె, అచ్చె!" అని గల్లీనంత లేపుతుండె. గార్డు చెయ్యూపిండంటే ఆ దినమంతా లాట్ సాబే! మాపటికి బస్సెక్కుదాం రారా అంటే, ఇంకొక్క బండి చూసి పోదామని అమ్మ పానం తీస్తుండె.

ఆ గోడ నీడలనే గల్లీ ఆడోళ్లంత బీడీలు చేస్తుండ్రి. బండి పోతుంటే మాట నడుమల ఆపి, పోయినంక ఆ మాట కాడికెల్లే మల్ల అందుకుందురు. భూదవ్వైతే సగం తిట్టు బండి రాకముందు, సగం తిట్టు బండి పోయినంక తిట్టేది. ఎంత నవ్వుకున్నరో ఆ దినాలల్ల!

ఒక వానకాలం ఆ గల్లీ ముంగటనే నూనె ట్యాంకర్ల గూడ్సు పట్టాలు తప్పింది. మంటలు లేసినయి. భూదవ్వ చాట కాడనే పోయింది. గంగాబాయి మనుమరాలు హారికను సంకనేసుకోని పొగలకెల్లి ఉరికి బతికింది. తర్వాత అధికారులు మీటింగు పెడితే, ఎన్నడు మైకు ముట్టని మనిషి లేసి, "గీ బండ్లను ఊరవతల నుంచి తీస్కపోండ్రి సారూ, మా పిల్లలను బతకనియ్యుండ్రి" అని ఏడ్చింది. ఊరంతా ఆమె వెనుక నిలబడ్డది. లైను మార్చిండ్రు.

ఊరవతల అంటే ఆమెకేమెరుక? తుప్పలు, రాళ్లు, ఎవ్వలది గాని జాగ అనుకున్నది. ఎవ్వలది గాని జాగ భూమ్మీద ఏడుంటది చెప్పుండ్రి! కొత్త లైను తాడ్వాయి దాటి, లింగంపేట దాటి, పోయి పోయి బాలనర్సయ్య పొలాన్నే నడిమికి చీల్చింది. బోరు ఆ పక్కకు, మడులు ఈ పక్కకు అయినయి. అప్పటికెల్లి తమ్ముడు ఆమె గడప తొక్కలే.

శ్వేత మాటకు రాత్రంతా కుములుకోని, తెల్లారి గంగాబాయి ఎల్లారెడ్డి బస్సెక్కింది. పిలువని పుట్టింటికి పోతవా, సిగ్గులేదా అంటే, లేదు పో!

మరదలు సుగుణమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. "పొలం కాడున్నడు వదినె. నీ పేరెత్తితే మండుతున్నడు" అన్నది మెల్లగ.

బాలనర్సయ్య రైలుకట్ట కింద గడ్డి కోస్తున్నడు. అక్కను చూసి గూడ చూడనట్టే ఉన్నడు.

"ఏందిరా, అక్కొస్తే మంచినీళ్లు తాగుతవా అని అడగవా?"

"వచ్చినవా? కండ్లనిండ చూస్కో, నీ మైకు చేసిన పని!" కొడవలితోటి కట్టను చూపిచ్చిండు. "మీ గల్లీల కాలితే మనుషులు, మా కాడ కాలితే గడ్డా?"

"ఊరవతల అంటే నీ మడి అని నాకెరుక లేదు తమ్మీ."

"ఎరుకుంటే అనకపోదువా?"

అనకపోదును అంటే అయిపోతుండె. ఆ ఒక్క మాటకు పుట్టిల్లు మల్ల దొరుకుతుండె. గంగాబాయి నోటి దాక వచ్చింది గూడ. గాని భూదవ్వ కండ్లల్ల మెదిలింది.

"అందునురా," అన్నది. "అప్పుడు గూడ గదే అందును. పిల్ల నా సంకల దగ్గలేక దగ్గుతుండె. నాకు పుట్టిల్లే లేదన్నా గదే అందును." అని, కొంగు నోట్లె కుక్కుకోని ఏడ్చింది.

బాలనర్సయ్య కొడవలి కింద పెట్టి ఒడ్డు మీద కూసున్నడు. "సరే, గిప్పుడన్నా రాత్రిళ్లు సుఖంగ పంటున్నవా?" అని ఎత్తిపొడిచిండు.

"ఏడ పండుడురా! బండ్లు బందైనకాంచి రెప్ప పడ్తలేదు. నలభై ఏండ్లు ఆ సప్పుడుల పండిన మనిషిని. కన్ను మూస్తే, ఇంకా బండి రాలేదేందని లేసి కూసుంటున్న. డాక్టరు గోలీలిచ్చిండు, అవి గూడ పనిజేస్తలేవు."

బాలనర్సయ్య నోరు తెరిచిండు. "ఓ నా అక్కో! నా మడి పాయె, బోరు పాయె, నువ్వు గూడ పండకపోతివి. మరి ఎవని కోసం పాయెనే గిదంతా!" అని ఒర్రిండు. ఒర్రుకుంట ఒర్రుకుంటనే వానికి నవ్వొచ్చింది. ఆమెకు గూడ ఆగలే. సద్ది పట్టుకోని వచ్చిన సుగుణమ్మ, వీళ్లకేమన్నా పిచ్చి లేసిందా అని ఒడ్డు మీదనే నిలబడ్డది.

తిని ఇంటికొచ్చినంక, మాపటి బస్సు దాక జర నడుం వాలుస్తనని గంగాబాయి మంచంల ఒరిగింది. ఇంతల గూడ్సు రానే వచ్చింది. గూట్లె గిన్నెలు దడదడలాడినయి, కొట్టంల బర్రె తాడు గుంజింది. "పాడుబండి!" అని సుగుణమ్మ చెవులు మూసుకున్నది. గంగాబాయి మాత్రం నోరు తెరిచి గుర్రుపెడుతున్నది.

"బస్సు యాళ్లైతున్నది, లేపాల్నా?" అన్నది సుగుణమ్మ.

"లేపకు." బాలనర్సయ్య ఫోను తీసి బావ హనుమాండ్లుకు చేసిండు. "బావా, అక్క ఇయ్యాల రాదు. రేపు పొద్దుగాల నువ్వే రా. ఒడిబియ్యం పోస్తున్నం... లేదు లేదు, కొట్లాట గిట్ల ఏం లేదు. నిద్రపోయింది... ఆఁ, నిజంగనే! జర మెల్లగ మాట్లాడు బావా, లేస్తది."