గంజి లేని చీర

"అత్తమ్మా, గంజి యాడ?"

"బర్రెకు పోసిన."

"చీరకు కావాలెనని రాత్రి చెప్పిన గద!"

"చీరకు ఆకలైతదా ఏందే? బర్రె పాలిస్తది. నీ చీర ఏమిస్తది?" అంది ముత్తమ్మ చాట దులుపుతూ.

టీ తాగుతున్న ఎల్లేష్ నవ్వు కనబడకుండా ముఖం గ్లాసులో పెట్టాడు. మొగుడి నవ్వు సుస్మిత చూడనే చూసింది. మెత్తబడిపోయిన నూలు చీరనే, కుచ్చిళ్ళు గోళ్ళతో గట్టిగా నొక్కుకుంటూ కట్టుకుంది. వీధి మలుపు తిరిగేలోపే అవి విడిపోయాయి.

గౌడవెల్లి నుంచి గుండ్లపోచంపల్లి మందుల కంపెనీకి వ్యానులో వెళ్ళిన రోజుల్లో చీర గొడవ ఉండేది కాదు. జుట్టంతా టోపీలోకి దూర్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మాత్రల డబ్బాలకు చీటీలు అంటిస్తూ షిఫ్టు అంతా నిలబడాలి. పేరు పెట్టి పిలిచేవారు తక్కువ. 'రెండో లైను' అనేవారు. పెళ్ళితో డిగ్రీ మధ్యలో ఆగింది. శామీర్‌పేటలో ఒక చిన్న ప్రైవేటు బడికి టీచర్లు కావాలని తెలిసి వెళ్తే, నడిపే మేడం ఆ సంగతి విని, "ముందు చేరండి, పరీక్షలు మెల్లగా రాసుకోవచ్చు" అంది. జీతం తగ్గింది. ఎల్లేష్ గొణిగాడు. మొదటి రోజు రెండో తరగతి పిల్లలంతా లేచి "గుడ్ మార్నింగ్ టీచర్" అని రాగం తీస్తే, కుర్చీ ఉందని, అందులో తను కూర్చోవచ్చని ఆమెకు చాలాసేపు తోచలేదు.

డిగ్రీ పరీక్షలు ఎప్పుడు వచ్చినా బడిలోనూ పరీక్షలే ఉండేవి. మేడం సెలవివ్వలేదు.

తనిఖీ ఉందంటే మాత్రం అడక్కుండానే సెలవు. డిగ్రీ లేనివాళ్ళు ఆ రోజు బడి దరిదాపుల్లో ఉండకూడదు. "రేపు నీకు జ్వరం" అనేది మేడం, నవ్వుతూ.

ఈ రోజు తనిఖీ అధికారి కారు చెప్పకుండా వచ్చింది. మేడం పరుగున వచ్చి, ఆయా ఖమర్ బీ ఒంటి మీది నీలం కోటు విప్పించి సుస్మిత చేతికిచ్చింది.

"జ్వరానికి టైం లేదు. ఇది తొడుక్కో."

కోటు ఫినాయిల్ వాసన. గంజి లేని చీర అందులో తేలిగ్గా ఇమిడిపోయింది.

నీళ్ళ గ్లాసులున్న పళ్ళెంతో తన తరగతిలోకే వెళ్ళాల్సి వచ్చింది. పై తరగతి సారు ఆమె సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డాడు. ఆమెను చూడగానే పిల్లలంతా లేచారు.

"గుడ్ మార్నింగ్ టీచర్!"

అధికారి చెయ్యి గ్లాసు దగ్గర ఆగింది.

"మా దగ్గర ఆయమ్మను కూడా టీచర్ అనే పిలిపిస్తం సార్" అంది మేడం.

"మంచి సంస్కారం" అని మెచ్చుకుని ఆయన నీళ్ళు తాగాడు. సుస్మిత ఖాళీ గ్లాసు కోసం తల వంచుకుని నిలబడింది. "కూర్చోండి పిల్లలూ, ఆయమ్మ వెళ్తుంది" అంది మేడం. పిల్లలు కూర్చున్నారు.

కారు వెళ్ళాక ఖమర్ బీ చెయ్యి చాపింది. "కోటియ్యి టీచరమ్మా, జల్దీ. నీకు మస్తు కుదిరింది గానీ, నా నౌకరీ తినకు!"

ఇద్దరూ నవ్వారు. సుస్మిత నవ్వే ముందుగా ఆగిపోయింది.

తిరిగి తరగతిలోకి వెళ్తే ఎవరూ లేవలేదు. అల్లరికి కాదు, లేవాలో వద్దో తెలియనట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు బల్ల మీది హర్షిత టిఫిన్ డబ్బా చాపింది.

"ఆయమ్మా, మూత రాదు."

సుస్మిత మూత తీసి ఇచ్చింది. పిల్లలు తినడం అయ్యాక ఎక్కం చెప్పించింది. గంట కొట్టేదాకా కుర్చీలో కూర్చోలేదు.

రాత్రి ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. పప్పు కలుపుకుంటూ ఆమె చెప్పింది.

"సోమవారం నుంచి కంపెనీకి పోత. వ్యాను డ్రైవరుకు ఫోన్ జేసిన."

ఎల్లేష్ ముద్ద ఆపాడు. "బడిల ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏమనలే. పెద్దసారు మెచ్చుకున్నడు."

"మరి రేపటి చీరకు..." అనబోయి ముత్తమ్మ నోరు మూసుకుంది.

పొయ్యి పక్కన గూట్లో, పొద్దటి గొడవ తర్వాత ఆమె మధ్యాహ్నం అన్నం వార్చి, బర్రెకు పోయకుండా తీసిపెట్టిన గంజి, పళ్ళెం మూసిన గిన్నెలో మీగడ కట్టి ఉంది.