రాతిచెవికి సున్నపుబొట్టు

కార్తికమాసము కడపటి దినములు. వర్షాకాలమున గర్జించి దూకిన సెలయేళ్లన్నియు సన్నగిల్లి నల్లని కొండచరియలపై తడిజాడలుగా మాత్రమే మిగిలియుండెను. సూర్యకిరణ మెన్నడును సోకని యుత్తరాభిముఖ శిలాకుడ్యముల నెర్రెలనుండి చల్లని యూట బొట్లుబొట్లుగా జారుచుండెను. మహారణ్యములు పుట్టుటయు గిట్టుటయు జూచి తోడివంశములన్నియు నశింపగా నొంటిగా మిగిలిన పురాతనౌషధి యొకటి యా చరియలనే కరచుకొని బ్రదుకుచుండెడిది. దళసరి యాకులు చెవులవలె శిల నంటియుండుటచే కొండవారు దానిని రాతిచెవి యనెడివారు.

పట్టణకళాశాలలో వృక్షశాస్త్రోపాధ్యాయుడగు కందాళ నృసింహాచార్యులు ఆ మొక్క యే కోనలలో నెట్టి శిలలపై పెరుగునో నిర్ణయించి గ్రంథము వ్రాయదలచి పదునొకండేండ్లు కొండలు త్రొక్కెను. ఒక్కొక్క తావునకు సాక్ష్యముగా పూచిన మొక్క నొకదానిని వేళ్లతో పెకలించి కాగితముల నడుమ నొత్తి యారబెట్టి కళాశాలలోని చెక్కబీరువాలో దాచుట యాతని శాస్త్రవిధి. పదియవ యేట, మొక్క దొరకిన మొదటి కోనలో, దానిక్రింది శిలపై తెల్లని సున్నపుబొట్టు అగపడెను. మందుమొక్కలు కోయువారు దారి తెలియుటకై పెట్టుకొన్న గుర్తని యూహించి తన తెలివికి తానే మురిసెను. అడుగవలసినవారిని అడుగలేదు. అంతటి పండితుడు అడుగునా! బొట్టు వెదకినచోటనెల్ల మొక్క దొరకెను. ఆ యేట తొమ్మిది కోనలలో తొమ్మిది పెకలించి కోనకు ఒక్కటియే యున్నదని పుస్తకమున వ్రాసికొనెను.

మరుసటి యేట మరల వచ్చి చూడగా కోనలన్నియు బోసిపోయియుండెను. వానకు వెలిసిపోయిన బొట్లు మాత్రము మిగిలియుండెను. కడపటి కోనలో యానాది ముసలి గురవమ్మ నడుమున సున్నపుకాయతో వట్టిశిలను తడుముచు కనబడెను.

"ఇచటి మొక్క యేమయ్యెను?" అని యాచార్యు లడిగెను.

"తల్లిచెట్టును ఎవురో పెరికేసినారు సామీ. మేము మందుకు కోసేటప్పుడు కోనకొకదాన్ని ఇత్తనానికి ఇడిచి దానికింద సున్నం బొట్టు పెడతాం, ముట్టొద్దని. మా బిడ్డలు గూడా ముట్టరు. పోయినేడు ఊరంతా జొరాలని తక్కినవన్నీ కోసేసినాం. తల్లి ఉండాది గదా, వానకు మళ్లీ మొలుస్తాయిలే అనుకున్నాం."

విత్తు కట్టకముందే, పూవుండగానే, తొమ్మిది తల్లులను ఆచార్యులు చేజేతుల పెకలించియుండెను. సరిపోల్చుటకై తెచ్చిన కట్ట విప్పి తొమ్మిది కాగితములను ఆమెయెదుట పరచెను.

"పెరికినది నేనే తల్లీ" అనెను.

గురవమ్మ తిట్టలేదు. తిట్టినను బాగుండెడిది. ఎండిన పూవుల నొక్కొక్కదానిని వ్రేలికొనతో తడిమి విత్తునకై వెదకెను. ఒక్కటియు లేదు. పిదప సున్నపుకాయ మూత తీసి తొమ్మిది కాగితములపైనను వేరుక్రింద నొక్కొక్క బొట్టు పెట్టెను.

"వీటినన్నా ఎవురూ ముట్టకుండా ఉంటారు సామీ" అని లేచి పోయెను.

చిన్నమరకయు సోకనీక కాగితములను గాపాడుకొను నాచార్యులు ఆ బొట్లను తుడువలేదు. గ్రంథము ముగించునాడు ఆవాసము లనుచోట తొమ్మిది కోనల పేర్లను కొట్టివేసి, కళాశాలలోని చెక్కబీరువా యని వ్రాసెను.