డోలు నాకు సవతి

నేను ఒక సెల్‌ఫోన్‌ని. నాకు ఒక డోలంటే ఒళ్లుమంట. దాచుకోవడం ఎందుకు, చెప్పేస్తే పోతుంది.

ఎక్కడో వేల ఫోన్లతో పాటు పుట్టి, చీరాలలో ఒక కొట్టు అద్దాల వెనక నిలబడ్డాను. పెళ్లిళ్లకు డోలు వాయించే శేషుబాబు నన్ను కొన్నాడు, పిలుపులు అందుకోవడానికి. ఆ డోలు మహాతల్లికేమో పట్టుగుడ్డ ముసుగు, వాయించే ముందు కళ్లకద్దుకోవడం. నాకు చొక్కాజేబు, చెమట, వక్కపొడి. ఎట్లా ఓర్చుకోను?

అంతలో నాలోకి ఆన్‌లైన్ పేకాట వచ్చింది. ఇక శేషుబాబు వేళ్లు నావే. అన్నం ముందు కూర్చున్నా నేనే, భార్య నాగరత్నం మాట్లాడుతున్నా నేనే. డోలు మూలన పడి ఉంటే నాకు పండగ.

బాపట్లలో ఒక పెళ్లి. తాళి కట్టే వేళ పురోహితుడు గట్టిమేళానికి చెయ్యి ఊపాడు. శేషుబాబు డోలు వాయించే వేళ్ల తొడుగులు తీసేసి నాలో పేకముక్కలు సర్దుకుంటున్నాడు. సన్నాయి ఒక్కటే బిక్కుబిక్కుమంటూ మోగింది. ఆ సందులో ఎవరో తుమ్మారు, మండపమంతా విన్నది. అసలు గట్టిమేళం ఉన్నదే అలాంటి తుమ్ములు వినపడకుండా కదా! పెళ్లికూతురి తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. సన్నాయి వాయించేది శేషుబాబు బావ బ్రహ్మయ్యే. బయటికొచ్చాక నెమ్మదిగా అన్నాడు.

"ఇంకొక్కసారి ఇట్టా జరిగితే నా పక్కన వేరే డోలు కూర్చుంటది శేషూ."

ఆ రాత్రే ఇంటికెళ్లి నాగరత్నానికి అంతా చెప్పేశాడు. ఈ ఆట పిచ్చి మాన్పించమని ఆమె ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆటను నాలోంచి పీకేశారు. పీకేస్తే మాత్రం? వేళ్లు నాకోసం తడుముకుంటూనే ఉండేవి. వాటికి వేరే పని చెప్పమన్నాడు డాక్టరు. అప్పట్నుంచి శేషుబాబు పొద్దున్నే కుడిచేతి వేళ్లకు తొడుగులు బిగించి, ఎడంచేత్తో పుల్ల పట్టుకుని డోలు ముందు కూర్చునేవాడు. ఆ గట్టి తొడుగులు తాకితే నా అద్దానికి తెలియదు. అన్నానికి కూడా అవి తియ్యడు గనక నాగరత్నమే ముద్దలు కలిపి పెట్టేది. చూడలేక కుళ్లి చచ్చాను.

నిన్న ఒంగోలు పెళ్లిలో మేళం కాసేపు ఆగింది. మళ్లీ రమ్మంటూ ఆటవాళ్ల సందేశం నా అద్దం మీద పడింది. ఉన్న బలమంతా పెట్టి వణికాను. నన్ను బయటికి తీశాడు. చదివాడు. బొటనవేలి తొడుగును పళ్లతో పట్టుకున్నాడు. రా నాయనా, రా అనుకున్నాను. బ్రహ్మయ్య చూశాడు.

శేషుబాబు తొడుగు వదిలేశాడు. నన్ను ఒళ్లో పెట్టుకుని, తొడుగుల వేళ్లతోనే నా ఒంటి మీద ఒక జతి వాయించాడు. టకటక తప్ప ఏమీ పలకలేదు.

"ఇందులో నాదం లేదు బావా," అన్నాడు.

నన్ను పక్కన బోర్లించి, దాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు.