బందెలదొడ్డి దగ్గర ఒక్క మాట

అడవి పెంచాలని అనంతగిరి కింద ఒక కొండ చుట్టూ తాండూరు నాపరాళ్లు పాతి కంచె కట్టారు. ఆ పథకం ఎలా నడుస్తోందో చూసి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. చూడటం దేనికో మరి! "బాగుందని రాసెయ్, ఇమాముద్దీన్. పూడూరులో కూడా మొదలుపెట్టాలి" అని మా డైరెక్టరు ముందే చెప్పి పంపాడు. ఏళ్ల తరబడి ఇదే భాగోతం. నిజం రాస్తే వచ్చే నెల నా నౌకరీ ఉండదు. తాండూరులో ఇల్లంతా నా జీతం మీదే బతుకుతోంది.

1982 ఎండాకాలం. నేను వెళ్లేసరికి ఆ కొండ కింది ఊళ్లో గొర్రెలు కాసుకునే జంగమ్మ మంద బందెలదొడ్డిలో ఉంది. కంచె దాటి మేశాయని కావలి కిష్టప్ప తోలుకొచ్చి మూశాడు. ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. పదిమంది ముందు "తప్పు నాది" అంటేనే దొడ్డి తెరుస్తారు. అన్నాక ఆ మంద మళ్లీ ఆ కొండకు పోకూడదు. జంగమ్మ అననంటోంది. బిందెలతో నీళ్లు మోసి పోస్తోంది గాని అంత మందకు ఎక్కడ సరిపోతాయి?

"ఒక్క మాటే గదమ్మా. గొర్లు దూపకు సచ్చేటట్టున్నయి," అన్నాను.

"చెయ్యని తప్పు ఎట్ల ఒప్పుకుంట సారూ? మా తాతల కాలం సంది మేపిన కొండ. ఒప్పుకుంటె పోతది."

లోపల ఒక గొర్రెపిల్ల లేవలేకపోతోంది. నాకు ఒళ్లు మండింది. "కిష్టప్పా, గొర్లు నావనుకో. తప్పు నాది. తెరువు," అనేశాను. ఆఫీసులో రోజూ అనే మాటే, నోరు తిరిగిపోయింది.

కిష్టప్ప అక్కడ చేరిన పెద్దమనుషుల వైపు చూశాడు. "ఎవరో ఒగరు ఒప్పుకున్నరు గద," అన్నాడొకాయన. దొడ్డి తెరిచారు. గొర్రెలు బయటికి ఉరికాయి. గొప్ప పని చేశాననుకుని జంగమ్మ వైపు తిరిగాను.

"ఎంత పని జేస్తివి సారూ," అంది, గొంతు పెంచకుండానే. "నిన్నటి సంది ఎండల నిలవడ్డ. నువ్వొచ్చి నా కొండ ఇచ్చేస్తివి."

కర్ర అడ్డంపెట్టి మందను మళ్లీ లోపలికి తోలింది. తనూ వెళ్లి తలుపు మూసుకుంది.

"మాట వాపసు తీస్కో. తప్పు కంచెదని గీ పదిమందిల చెప్పు. గప్పుడొస్త బయటికి."

నిజం అదే. కాని ఇక్కడన్నది సాయంత్రానికల్లా డైరెక్టరు చెవిన పడుతుంది. జీపు వైపు రెండడుగులు వేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"పోనీ తియ్ సారూ," అంది జంగమ్మ, నిజంగానే జాలిపడి. "నా గొర్లను నేనెట్లనన్న విడిపిచ్చుకుంట. నిన్నెవరు విడిపిస్తరు?"

తలొంచుకుని జీపెక్కాను. ఇంటికెళ్లి రిపోర్టు మొదలుపెట్టాను. 'కంచెను స్థానికులు అంగీకరించారు' అని రాశాను. అబద్ధమేం కాదు. పదిమంది ముందు అంగీకరించింది నేనే. నేనూ స్థానికుణ్నే, నాదీ తాండూరే.