గోరు మొదట్లో తోలు

ఆదోనిలో నా పార్లరుకొచ్చే ఆడవాళ్ళను నేను తిట్టినంతగా వాళ్ళ అత్తలు కూడా తిట్టి ఉండరు. నెలకొకసారి వచ్చి మేనిక్యూర్ చేయించుకుంటారు, మిగతా ఇరవై తొమ్మిది రోజులు అవే గోళ్ళతో డబ్బా మూతలు ఊడదీస్తారు, మాడిన గిన్నెలు గీకుతారు. "నా చేతిలో ఉండేది గంట సేపమ్మా, మిగతాదంతా మీ ఇంట్లోనే ఉండాది. పండుకొనే ముందు రెండు సుక్కలు కొబ్బరినూనె రాయండి. గోరు అడ్డంగా సాఫుగా తీయండి, మూలల్లోకి పోవద్దండి" అని అరుస్తాను. మల్లేశ్వరికి కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ పని మాత్రం బంగారం అని వాళ్ళే చెప్పుకుంటారు. పదమూడేళ్ళుగా ఆ మాట వినీ వినీ నేనూ నమ్మేశాను.

మా అక్క సరస్వతి ఎమ్మిగనూరులో ఉంటుంది. చీరలు నేస్తుంది. ఇంట్లో గుంటలోకి కాళ్ళు దించి నేసే గుంట మగ్గాలు రెండు, ఒకటి అక్కది, ఒకటి మా బావ హుసేనప్పది. ఈ ఏడు ఎండాకాలంలో అక్కకు రొమ్ములో గడ్డ ఉందని, అది క్యాన్సరని తేలింది. కర్నూలు ఆసుపత్రిలో మూడు వారాలకొక ఇంజెక్షన్, మొత్తం ఆరు. మొదటిదానికే జుట్టంతా ఊడిపోయింది. అక్క కంటతడి పెట్టలేదు, తలకు గుడ్డ చుట్టుకుని మగ్గంలో కూర్చుంది. రెండో ఇంజెక్షన్ అయ్యాక గోళ్ళు నల్లబడ్డాయి. అప్పుడు ఏడ్చింది.

"జుట్టు నాకు యాడ కనపడ్తాదే, అద్దంలో సూసుకుంటే గదా. గోళ్ళు అట్ల కాదు మల్లీ. పోగు తెగినప్పుడల్లా ముడేసేది ఈ గోళ్ళతోనే. దినమంతా కండ్ల ముందరే ఉంటాయి" అంది ఫోనులో.

నేను ఊరుకుంటానా? నా సెలవు మంగళవారం. మా వైపు ఆ రోజు గోళ్ళు తీయరు, జుట్టు కత్తిరించరు, అందుకే పార్లరుకు ఎవరూ రారు. పొద్దున్నే సామాను పెట్టె పట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. నన్ను చూసి అక్క చేతులు వెనక్కి దాచుకుంది.

"మంగళారం గదే ఈ పొద్దు."

"నీకు వచ్చిన రోగం వారం సూసుకొని వచ్చిందా? తే చెయ్యి."

బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు నానబెట్టాను. గోరు మొదట్లో ఉండే సన్నటి తోలును వెనక్కి నెట్టి, చిన్న కత్తెరతో చుట్టూ శుభ్రంగా తీసేశాను. కుడి బొటనవేలి దగ్గర ఒక్క చుక్క రక్తం కనిపించింది. దూదితో అద్దేశాను. రోజుకు పదిమందికి అలాగే అద్దుతాను. చివర్న మెరూన్ రంగు వేశాను, నలుపు కనబడకుండా. అక్క చేతులు చాచి వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుంది. బావ కూడా తన మగ్గం ఆపి, "పెండ్లికూతురు మాదిరి ఉండావే" అని నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు విని మూడు నెలలైంది. బస్సులో తిరిగొస్తూ నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

ఆరో రోజుకు బొటనవేలు వాచి చీము పట్టింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం. బావ ఫోను చేస్తే నేనూ పరుగున కర్నూలు పోయాను. నర్సు ముందు ఆ రంగంతా తుడిచేసింది. డాక్టరు వేలు పట్టుకుని చూసి, ఇంజెక్షన్ల వల్ల ఒంట్లో కాపలా తగ్గిపోయి ఉంటుందని, ఇట్లాంటప్పుడు చిన్న గాయం కూడా ప్రాణం మీదికి తెస్తుందని చెప్పాడు. గోరు మొదట్లో తోలు ఉత్తినే ఉండదట, తలుపు గడియలాంటిదట. ఆ గడియను కత్తెరతో తీసిపారేసింది నేనే.

"ఈడ ఎట్ల తెగిందమ్మా? ఎవరైనా కోసినారా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అక్క అంది, "ల్యాదు సార్. మగ్గం మీద పోగు కోసింది."

గంజి పెట్టిన పోగుకు వేళ్ళు తెగడం నేతపనిలో ఉన్నదే. బావ వెంటనే నమ్మాడు, డాక్టరూ నమ్మాడు. వేలు మానిందాకా మూడో ఇంజెక్షన్ ఆపేస్తున్నానని, ఆరూ పూర్తయ్యేదాకా మగ్గం ముట్టొద్దని చెప్పాడు. నేను అక్కడే, మంచం పక్కనే నిలబడి ఉన్నాను.  ఊరందరినీ తిట్టే నోరు, ఆ రోజు పెగల్లేదు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం పోయాను. ఇంట్లో ఏం చేసుకోవాలో నర్సు చెప్పిందంతా రాసుకుని మరీ చేశాను. నీళ్ళలో నానబెట్టలేదు. కత్తెర పెట్టెలోంచే తీసి పారేశాను. గోళ్ళు పొట్టిగా, తిన్నగా, ఒకవైపే అరగదీశాను. కొబ్బరినూనె రాసి పలుచని నూలు గుడ్డ చుట్టాను. గిన్నెలు తోమడానికి, బట్టలు పిండడానికి రబ్బరు తొడుగులు కొనిచ్చాను. నేనిట్లా సేవ చేస్తుంటే పక్కింటి రంగమ్మ చూసి, "ఇట్లాంటి సెల్లెలు ఎవరికుంటాదమ్మా" అంది. ఆమె అంతకుముందు, మంగళవారం గోళ్ళు ముట్టుకున్నందుకే ఇదంతా అని కూడా అంది. తప్పు వారానిదైతే ఎంత బాగుండేదో. తప్పు నా చేతిది.

అక్క మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. దాని మీద పాత దుప్పటి కప్పారు. నేను నూనె రాస్తున్నంత సేపూ అక్క కళ్ళు అటే ఉండేవి. పదేళ్ళ వయసులో మా అమ్మ పక్కన మగ్గంలో కూర్చున్న మనిషికి ఊరికే కూర్చోవడం చేతకాదు. దినదినానికీ మాట తగ్గిపోయింది, అన్నం తగ్గిపోయింది. బావకు నిజం చెప్పాలని ప్రతి వారం ఆదోని నుంచి అనుకుంటూనే వచ్చేదాన్ని. బావకు భయపడి ఆగానని చెప్పుకోవచ్చు గానీ అది అబద్ధం. మల్లేశ్వరి పని బంగారం అనే పేరు పోతుందని ఆగాను. ఛీ, నా పేరు కాకులెత్తుకుపోనీ!

నాలుగు మంగళవారాలు గడిచాయి. వేలు మానింది. మూడో ఇంజెక్షన్‌కు ముగ్గురం కర్నూలు బయల్దేరాం. దారిలో బావ అన్నాడు, "పై వారం నీ మగ్గం ఊడదీస్తా సరసా. కండ్ల ముందర ఉంటే నువ్వు కూర్చోకుండా ఉండలేవు. మాకు మగ్గం కంటే నువ్వు ముఖ్యం."

అక్క కిటికీ వైపు తిరిగి, "నీ ఇష్టం" అంది. అంతే.

డాక్టరు వేలు చూసి బాగుందన్నాడు. "మగ్గం జోలికి పోలేదు గదా?" అన్నాడు.

"పోగు కోయలేదు సార్, కోసింది నేను" అన్నాను.  "నేను పార్లరు నడుపుతా. గోరు మొదట్లో తోలు కత్తెరతో తీసినా. రక్తం వస్తే తుడిచేసినా. ఆ పొద్దు మా అక్క నన్ను కాపాడేకి అబద్ధం సెప్పింది. నేను గమ్మునున్నా."

డాక్టరు నన్ను తిట్టాడు. తిట్టాల్సిందే. తర్వాత అక్కతో, ఓపిక ఉన్న రోజు వేళ్ళకు గుడ్డ చుట్టుకుని గంటో రెండు గంటలో నేసుకోవచ్చు, అలసిపోతే మాత్రం లేవాలి అన్నాడు.  ఇంజెక్షన్ అయిపోయి, ఎమ్మిగనూరు బస్టాండులో దిగాం. అక్కడ బావ నా వైపు తిరిగాడు.

"మగ్గం ఊడదీసేవాణ్ణి గదా, ఊడదీసేవాణ్ణి" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు ఇంటికి రా, అన్నం తిను. దాని చెయ్యి మాత్రం ఇంగ ముట్టొద్దు."

వారం తిరిగాక, రంగమ్మ నోట మంగళవారం మాట మళ్ళీ రాకుండా, బుధవారం షాపు మూసేసి పోయాను. గోళ్ళు పెరిగి ఉంటాయి, ఆ ఇంట్లో తీసేవాళ్ళు లేరు. బావ గడపలోనే నా చేతిలోంచి నెయిల్ కట్టర్, ఫైలు తీసుకున్నాడు. అక్క ముందు చాప మీద కూర్చుని, నా వైపు చూడకుండానే అడిగాడు, "యెట్ల తీయాల? సెప్పు."

గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను. తిన్నగా తీయి బావా. రవ్వంత తెలుపు మిగిలించు. తోలు జోలికి పోవద్దు. ఒక్కో గోరుకు ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆయన అలా తీస్తుంటే నా చేతులు నా చెంగును నలిపేస్తున్నాయి. పది గోళ్ళకు అరగంట పట్టింది. నూనె కూడా ఆయనే రాసి, తుడిచి, గుడ్డ చుట్టాడు.

బావ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాక అక్క లేచి మగ్గం మీది దుప్పటి తీసింది. నేను దగ్గరికి పోయి, ఇన్నాళ్ళూ గొంతులో ఉన్నది అడిగాను.

"నన్ను ఎందుకు కాపాడినావక్కా? మగ్గం పోతాదని తెలిసి గూడా?"

అక్క గుంటలోకి కాళ్ళు దించుతూ నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. కోపం ఉంటే తట్టుకుందును.

"ఆ పొద్దు డాక్టరు ముందర నిన్ను నిలబెట్టలేక సెప్పినా. బయటికి రాగానే నువ్వే సెప్తావనుకొన్నా మల్లీ. మర్నాడు సెప్తావనుకొన్నా. మంగళారం మంగళారం నా చెయ్యి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటివి గదా, ఇప్పుడు సెప్తాది, ఇప్పుడు సెప్తాది అని నీ నోరే సూస్తాంటి."

 అక్క తెగిన పోగు ఒకటి వెతికి పట్టుకుని, గుడ్డ చుట్టిన వేళ్ళతో ముడి వేయసాగింది.