గంటకు జానెడు

సోమలింగం చేతికింద ఎనిమిది మగ్గాలు, నోటికింద లోకమంతా. పొద్దున ఏడింటికి ఉధ్నాలోని కార్ఖానాకు పోయి, ఎనిమిదింటినీ ఓ చుట్టు చుట్టి, తెగిన పోగులకు ముడులేసి, మగ్గాలు వాటి పాటికవి దడదడలాడుతుంటే గేటు ముందరి చాయ్ బండి దగ్గర తేలేవాడు. ధరలు, క్రికెట్టు, ఎన్నికలు, ఏదైనా సరే, అక్కడ తీర్పు ఆయనదే. ముప్పై ఏళ్ల కిందట సిరిసిల్ల నుంచి ఈ గుజరాతీ ఊరికి రైలెక్కినప్పుడు హిందీ ఒక్క ముక్క రాదు. ఇప్పుడు గుజరాతీ వాళ్లతో గుజరాతీలోనే కొట్లాడుతున్నాడు.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైన విషయం పోలీసులు. "దొంగను పట్టుకునుడు, పదేండ్లు కోర్టుల తిప్పుడు, అన్ని దినాలు మనమే వానికి అన్నం పెట్టుడు. ఏంది గిది? ఎక్కడోనిని అక్కడ ఏసెయ్యాలె," అనేవాడు. చాయ్ తాగేవాళ్లలో సగం మంది సై అనేవారు. మిగతా సగం చాయ్ చల్లారిపోతుందని ఊరుకునేవారు.

అట్లాంటి రోజుల్లో చిన్నవ్వ పోయింది. డిండోలి సందు మొదట్లో ఇరవై ఏళ్లుగా జొన్నరొట్టెలు కాల్చి అమ్మే ముసలామె. పర్వత్ పాటియా రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకున్నవాడొకడు బైకు మీద వచ్చి మెడలోని బంగారు గుండ్ల దండ లాగాడు. ఆమె పడిపోయింది, తల రోడ్డు అంచుకు తగిలింది, ఆస్పత్రి దాకా కూడా పోలేదు. ఆమె చేతి రొట్టె తినని తెలుగువాడు ఆ చుట్టుపక్కల లేడు. సోమలింగం రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయన కోపం ఉత్తుత్తిది కాదు.

మూడో రోజు టీవీలో సీసీ కెమెరా బొమ్మ చూపించారు. దొంగ మొహం కనబడలేదు, చొక్కా కనబడింది. నీలం చారల చొక్కా, భుజం దగ్గర రెండు చారల నడుమ సన్నటి ఎర్ర గీత. సోమలింగం మంచం మీది నుంచి లేచి నిలబడ్డాడు. నేసినవాడికి తన బట్ట తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వానాకాలంలో ఒకనాడు, తెగిన నీలం పోగుకు తొందరలో ఎర్ర పోగు ముడేసింది తనే. తప్పు కనబడ్డాక సరిచేసి, చెడిన మూడు మీటర్లు కోసి, అదే కార్ఖానాలో బాబిన్లకు నూలు నింపే రవీంద్రకు ఇచ్చాడు. పెళ్లాం పిల్లలను జగిత్యాలలో ఉంచి వచ్చినవాడు రవీంద్ర. ఆ బట్టతో సంబరంగా చొక్కా కుట్టించుకున్నాడు.

"ఆ బట్ట లోకంల మూడు మీటర్లే ఉన్నది సాబ్, నా మగ్గం మీదిదే," అని సోమలింగం స్టేషనుకు పోయి చెప్పాడు. పిలిచి కుర్చీ వేశారు. భుజం తట్టారు.

రవీంద్ర ఆ చొక్కాతోనే దొరికాడు. సోమవారం పొద్దున పది గంటలకు, దండ ఎక్కడ దాచాడో చూపించమని డిండోలి కాలవ గట్టుకు తీసుకుపోయారు. పారిపోబోయాడని ఇన్‌స్పెక్టర్ అంటాడు. కాలు జారిందని రవీంద్ర అంటాడు. ఇద్దరూ ఒప్పుకునేది ఒక్కటే: తుపాకీ పేలింది, తూటా బయటికి వచ్చింది, వచ్చి మెల్లగా నడవడం మొదలుపెట్టింది.

గంటకు జానెడు.

మనిషి రొమ్ము ఎత్తులో, గాలిలో, ఎవరి తొందరా దానికి పట్టనట్టు. రవీంద్రను ఎడమకు జరిపితే అదీ ఎడమకు తిరిగింది, కుడికి జరిపితే కుడికి. ఎవరో ఇనప రేకు అడ్డం పెట్టారు. సూది బట్టలోంచి పోయినట్టు పోయింది. తెలుగు సమాజం కార్యదర్శి కమలాకర్ టేపు తెచ్చి, వంగి, లేచి, కొలిచి, నూట ఇరవై జానలని తేల్చాడు. అంటే శనివారం పొద్దున పదింటికి. మధ్యాహ్నానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు వచ్చింది. విచారణ తేలేదాకా తూటాను ఎవరూ ముట్టరాదు, రవీంద్ర చోటు కదలరాదు, ఒంటి మీది చొక్కా కేసు ఆస్తి కనుక గుండీ కూడా విప్పరాదు. వాణ్ణి ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కానిస్టేబుళ్లను కాపలా పెట్టారు.

ఇక చూడాలి సంబరం! మంగళవారానికి గట్టు మీద షామియానా లేచింది. టీవీ బండ్లు వచ్చాయి, వాటి వెనక చాయ్ బండ్లు, వాటి వెనక వడాపావ్ బండ్లు. తూటాకు కుడిపక్క "వెయ్యాల్సిందే" అనేవాళ్లు, ఎడమపక్క "కోర్టు చూసుకోవాలి" అనేవాళ్లు. ఒక లాయరు చట్టం చదివాడు. దొంగ కత్తితో చెంప కోయించుకున్న ఒక ముసలి కానిస్టేబులు మచ్చ చూపించి, మా ప్రాణాలకు విలువ లేదా అని అడిగితే లాయరు పుస్తకం మూసేశాడు. ఇంజనీరింగు చదివే రుచిత అనే అమ్మాయి లేచి, "తప్పు మనిషైతే ఏం చేస్తరు?" అని అడిగితే కుడిపక్క సగం మంది చాయ్ బండ్ల వైపు జరిగారు. మామూలు తూటా అయితే ఈపాటికి దహనం కూడా అయ్యేది, ఇంత మంది ఇన్ని మాటలు అనుకునే తీరిక ఎక్కడిది! హజీరా ఫ్యాక్టరీల నుంచి ఇంజనీర్లు సెలవు పెట్టుకుని వచ్చారు. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారుతున్నారు. భోజనాల వేళ మాత్రం అందరూ ఒకే వరుసలో నిలబడుతున్నారు.

ఆ సందడికి నడిబొడ్డున సోమలింగం. మైకు పట్టుకుంటే వదలడు. "నేసినోని కన్ను తప్పదు," అంటాడు. జనం చప్పట్లు కొడతారు. ఆ పూట రూములోనే పడుకుని ఉన్నానని రవీంద్ర కుర్చీలోంచి చెబితే, "దొంగలందరు గదే అంటరు," అని కమలాకర్ కొట్టిపారేశాడు. దానికీ చప్పట్లే.

ఒక్క మనిషి మాత్రం నోరు విప్పలేదు. చిన్నవ్వ కూతురు బాలవ్వ. ఇరుపక్షాల వాళ్లూ మైకు తెచ్చి మూతి దగ్గర పెట్టారు. ఆమె కొంగు సర్దుకుని తూటా వంకే చూస్తూ కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం సోమలింగం తిండికి ఇంటికి పోయాడు. భార్య పద్మారాణి అదే కార్ఖానా గోదాములో బట్ట తనిఖీ చేసి మడతలు పెట్టే పని చేస్తుంది. అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఇంక ఎన్ని జానలున్నది?" అని అడిగింది.

"ఇరవై రెండు. రేపు చూడు, మస్తు జనమొస్తరు."

"మూడు మీటర్లు కాదయ్యా."

"ఏంది?"

"ఆ ఎర్ర పోగు. మూడు మీటర్లు కాదు, నలభై. నువ్వు ముడేసి చాయ్ బండి కాడికి పోయినవ్. మళ్లొచ్చి చూడలే. తెల్లారి చూసి, కొసకున్న మూడు మీటర్లు కోసి, గంతేననుకున్నవ్. మిగిలింది నా బల్ల మీదికొచ్చింది. సేటు చూస్తే నీ పేరు పోతదని నేనే కోసి ఫెంటు బండోనికి ఏసిన."

సోమలింగం ముద్ద కంచంలో పెట్టేశాడు. ఫెంటంటే చెడిపోయిన ముక్క, మీటరింత అని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎంతమంది కొన్నారో, ఎంతమంది తొడుక్కున్నారో. ఆ రోజు తను మగ్గం వదిలి ఎందుకు పోయాడో కూడా గుర్తొచ్చింది. చాయ్ బండి దగ్గర ఎన్‌కౌంటర్ల మీద వాదన రసపట్టులో ఉంది.

"మరి ఇన్ని దినాలు చెప్పవైతివి?"

"చెప్పనిస్తే గద. నువ్వు మాట్లాడుతుంటే నడుమ మాట్లాడొద్దంటవ్. కోర్టోళ్లు ఎట్లనన్న ఇడుస్తరనుకున్న. రేపు పదింటికంటివి గద, ఇంక ఆగలేకపోయిన."

ఆయనకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గు, ఆ తర్వాత ఒక్కసారిగా భయం పట్టుకుంది. రవీంద్ర బతకాలంటే తను కెమెరాల ముందు నిలబడి, నా మగ్గం దగ్గర నేను లేనని చెప్పాలి. పద్మశాలి అయినవాడు ఆ మాట అనడం ముక్కు కోసుకోవడమే. చెయ్యి కడుక్కుని లేచాడు.

"ఉత్తగ చెప్తె నమ్మరు. అంగీలు చూపెట్టాలె. పా," అన్నాడు.

మొగుడూ పెళ్లాం కాలికి బలపం కట్టుకుని తిరిగారు. ఉధ్నాలో ఫెంటు బండివాడు, ఆ ముక్క అంతా పర్వత్ పాటియా దర్జీ ఒకడు తీసుకుపోయాడన్నాడు. పదిహేను చొక్కాలు కుట్టి ఫుట్‌పాత్ మీద అమ్మేశానని దర్జీ అన్నాడు. ఎవరికి? ఎవరికని చెబుతాడు పాపం. ఇక రోడ్ల వెంట పడ్డారు. సోమలింగం ఉధ్నా స్టేషను మెట్ల మీద నిలబడి దిగివచ్చే ప్రతి మగవాడి రొమ్మూ తేరిపార చూశాడు. ఒకతను కొట్టబోయాడు. పద్మారాణి సిటీ బస్సు కిటికీలోంచి ఒక చొక్కా చూసి, ఆటోలో వెంబడించి, నాలుగు స్టాపుల తర్వాత పట్టుకుంది. దొరికినవాళ్లకు ఆమె చెప్పింది ఒకే ఒక్క మాట: "అన్నా, ఆ తూటా పోయేది ఇసొంటి అంగీ మీదికే." రమ్మని బతిమాలే పని లేకపోయింది. కొందరు భయంతో, కొందరు టీవీలో కనబడతామని ఒప్పుకున్నారు.

శనివారం ఎనిమిదింటికి మూడు ఆటోలు గట్టు మీదికి వచ్చి ఆగాయి. తూటాకూ రవీంద్రకూ నడుమ రెండే జానలు. రవీంద్ర కళ్లు మూసుకుని పిల్లల పేర్లు పలుకుతున్నాడు. సోమలింగం జనాన్ని తోసుకుంటూ పోయి మైకు అందుకున్నాడు. అలవాటుగా చప్పట్లు మోగాయి.

"చప్పట్లు కొట్టకుండ్రి," అన్నాడు. "నేను చెప్పింది తప్పు. ఆ బట్ట మూడు మీటర్లు కాదు, నలభై మీటర్లు. నా మగ్గం కాడ నేను లేను. చాయ్ బండి కాడ ఉన్న. ఎర్ర పోగు దినమంత నడిచింది, నేను చూడలే. వాణ్ణి నేను పట్టిచ్చిన. చూడకుంట పట్టిచ్చిన."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. సోమలింగానికి ఏమీ పోలేదు. ఆయన చెయ్యి ఊపగానే ఆటోల్లోంచి పదకొండు మంది దిగారు. రంగులేసేవాడు, కూరగాయలమ్మేవాడు, ఇద్దరు ఒడియా మగ్గంవాళ్లు, ఒక బడి పంతులు, ఇంకా ఎవరెవరో. అందరికీ నీలం చారలు, అందరి భుజం మీదా ఎర్ర గీత. వచ్చి రవీంద్ర కుర్చీ చుట్టూ నిలబడ్డారు.

తూటా ఆగింది.

ఐదు రోజుల్లో అది ఆగడం అదే మొదలు. పోలీసులు చొక్కా చూసే పట్టుకున్నారు, తూటా మాత్రం ఇంకేం చూస్తుంది? కాస్త ఎడమకు తిరిగింది. కూరగాయలతను పక్కవాడి వెనక్కి నక్కాడు. కుడికి తిరిగింది. పంతులు దేవుణ్ణి తలుచుకున్నాడు. అట్లా ఒక్కొక్కరినీ చూసుకుంటూ, గిర్రున వెనక్కి తిరిగి, షామియానా కింద వేదిక మీదికి గురిపెట్టి నిలబడింది. అక్కడ ఆఖరి రోజని ఫుట్‌పాత్ మీద కొన్న కొత్త చొక్కా వేసుకొచ్చిన కమలాకర్ ఉన్నాడు.

"అన్నా, నీ అంగీ జర చూసుకో," అంది పద్మారాణి.

కమలాకర్ తల వంచి భుజం చూసుకున్నాడు. నీలం చారల నడుమ ఎర్ర గీత. "నేను కాదు. ఆ పూట నేను ఇంట్లనే పండుకున్న. మా ఇంటిదాన్ని అడుగుండ్రి," అన్నాడు. ఆ మాట నోటి నుంచి వచ్చాక తనే విన్నాడు. కుర్చీలోంచి రవీంద్ర అన్నదీ అదే. వేల మంది ఉన్న గట్టు మీద ఎవరూ నవ్వలేదు.

అప్పుడు బాలవ్వ లేచింది. తూటా పక్కనుంచే నడిచి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడింది. ఆమె మాట తెలుగు, రుచిత పక్కన చేరి గుజరాతీలో చెప్పింది.

"ఐదు దినాల సంది మీరందరు మాట్లాడుతుండ్రు, నన్నొక్క మాట చెప్పనియ్యుండ్రి. అసలోడు దొరుకుతడు. దొరికితే చంపకుండ్రి సారూ. మా అవ్వ పడ్డప్పుడు ఆమె కాడ వాడొక్కడే ఉన్నడు. ఆఖరుకు ఆమె ఏమన్నదో, నన్ను పిలిచిందో, నీళ్లు అడిగిందో, వానికే ఎరుక. నేను వాన్ని అడగాలె."

సోమలింగం అన్నేళ్లు చాయ్ బండి దగ్గర అన్నన్ని మాటలు అన్నాడు గానీ, ఈ మాట ఆయనకు ఏనాడూ తట్టలేదు. మొహానికి తువాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తూటా కింద పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ముసలి కానిస్టేబులు వంగి తీసి, కవరులో వేసి, సీలు వేశాడు. చొక్కా విప్పుకోవచ్చని మేజిస్ట్రేటు ఫోనులో చెప్పగానే రవీంద్ర అందరి ముందే విప్పేసి కుర్చీ మీద పడేశాడు. సోమలింగం దగ్గరికి వస్తే రవీంద్ర మొహం తిప్పుకున్నాడు. అందులో అతని తప్పేముంది. సాయంత్రం రైలుకు జగిత్యాల పోయాడు.

ఆ సాయంత్రమే పోలీసులు అసలు దొంగను వెతకడానికి కొత్త ఉత్తర్వు రాశారు. బాలవ్వ స్టేషనులో బల్ల పక్కనే నిలబడి, "ప్రాణాలతో" అన్న మాట అందులో పడేదాకా కదల్లేదు.